‘ప్రకృతి – పోషణ’ అనవచ్చా?

సందేహం: మా అమ్మాయి డీఎస్సీకి చదువుతోంది. మనిషి గుణాల్లో పుట్టుకతో వచ్చేవెన్ని, తర్వాత అబ్బేవెన్ని అనే చర్చలో ఇంగ్లీషులో ‘నేచర్ – నర్చర్’ అంటారే, ఆ జంటకు ఒక గైడులో ‘ప్రకృతి – పోషణ’ అని ఉంది. నాకు రుచించలేదు. తెలుగులో ఏమనాలి? మనుషుల నడవడి గురించి రాసేటప్పుడు ‘సహజం’ అనడం తప్పా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: మీ చెవి సరిగానే పట్టుకుందమ్మా. ‘ప్రకృతి’కి స్వభావమనే అర్థం ఉన్నమాట నిజమే. కానీ ఇవాళ ఆ మాట వినగానే కైలాసగిరి మీంచి కనిపించే సముద్రమో, అరకు లోయో మెదులుతుంది. వ్యాకరణం చదివినవాళ్లకైతే వెనకాలే ‘వికృతి’ కూడా వచ్చేస్తుంది. ‘పోషణ’ అంగన్‌వాడీ కోడిగుడ్డు దగ్గర ఆగిపోయింది. రెండూ కలిపితే ఏదో ప్రభుత్వ పథకం పేరులా ఉంది.

ఇంగ్లీషు జంటను శాస్త్రచర్చలోకి లాక్కొచ్చినవాడు ఫ్రాన్సిస్ గాల్టన్, డార్విన్‌కి బంధువే. 1874లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుల మీద రాసిన పుస్తకానికి పేరులోనే ఆ రెండు మాటలూ పెట్టాడు. పలకడానికి వీలైన జంట కాబట్టి వాడుతున్నానని ఆయనే ఒప్పుకున్నాడు. మనకి ఆ వీలు ‘పుట్టుక – పెంపకం’లో ఉంది. నా ఓటు దానికే. పరీక్షలో మాత్రం ‘అనువంశికత – పరిసరాలు’ అనే రాయమనండి, మార్కులు అక్కడున్నాయి. పైగా ‘పరిసరాలు’ విశాలమైన మాట. పెంపకం అనగానే తల్లిదండ్రుల మీదికే పోతాం (పిల్లాడు చెడితే ముందు తిట్లు తినేది తల్లేగా). వీధి, బడి, తోటిపిల్లలు, కడుపులో ఉండగా అందిన తిండి అన్నీ పరిసరాల్లోకే వస్తాయి.

అసలు చిక్కు ‘సహజం’తో. సహ, జ కలిస్తే ‘కూడా పుట్టినది’. తోడబుట్టినవాణ్ని సహజుడన్నది అందుకే. వాడుకలో అది ‘మామూలే’ అనే అర్థానికి జారింది: ‘పండగలప్పుడు రైళ్లలో రద్దీ సహజం.’ ఇక్కడ ఇబ్బంది లేదు. ‘మగపిల్లలు కొట్టుకోవడం సహజం’ అన్నప్పుడు చూడండి. తరచూ జరుగుతుందన్న మాటతో మొదలై, పుట్టుకతోనే వచ్చిందనిపించి, ఇంక మారదులే అన్నచోట కూర్చుంటాం. మాట మూడు మెట్లెక్కింది, రుజువు మొదటి మెట్టు మీదే ఉంది. పుట్టుకతో వచ్చిందల్లా మారనిదీ కాదు. ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు జన్యువుల ద్వారానే వస్తుంది, వదిలేస్తే బిడ్డ మెదడు దెబ్బతింటుంది. పుట్టిన కొద్దిరోజుల్లోనే కనిపెట్టి, తగిన పథ్యం పెడితే ఆ ముప్పు తప్పుతుంది.

‘అలవాటు’ ఇంతకన్నా నిజాయితీగల మాట. ఏర్పడు – ఏర్పాటు, తడబడు – తడబాటు, అలాగే అలవడు – అలవాటు. వచ్చి చేరిందని మాటలోనే ఉంది.

ఈ మధ్య ఉక్కునగరం నుంచి వస్తున్న సిటీ బస్సులో పదేళ్ల పిల్లాడు నా పక్కన కూర్చున్నాడు. తండ్రి ఫోన్లో గడగడా హిందీ మాట్లాడుతున్నాడు. పిల్లాడు కిటికీలోంచి తల తిప్పి కండక్టర్‌ని అడిగాడు: ‘మా స్టాపు ఎల్లిపోనాదేటి?’ మాట నేర్చుకునే శక్తి వాడితో పుట్టింది, అది మనుషులందరికీ ఉన్నదే. ఆ ‘ఏటి’ మాత్రం గాజువాకది. ఒక్క వాక్యంలో పుట్టుక వాటా ఎంత, పరిసరాల వాటా ఎంత అని తూకం వేయబోతే తక్కెడ ఎక్కడ పెడతాం?

కాబట్టి ‘సహజం’ తప్పేమీ కాదమ్మా. మామూలే అనుకుంటే ‘మామూలే’ అని, పుట్టుకతో వచ్చిందంటే ‘పుట్టుకతో వచ్చింది’ అని విడదీసి రాయమనండి. రెండోది రాసేటప్పుడు ఎలా తెలిసిందో కూడా ఒక వాక్యం చేర్చాలి.