సంతకానికి ముందు ఒకసారి రా

అమ్మలూ,

ఉద్యోగం మానేసి శ్రీకాకుళంలో నర్సింగ్ హోంలకి సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతావటగా. వదిన ఫోన్లో ఏడుపు గొంతుతో చెబుతుంటే నాకు లోపల్లోపల గర్వమే. మనింట్లో సొంత బోర్డు కట్టిన ఆడపిల్ల నా తర్వాత నువ్వే. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

జీఎస్టీ, బ్యాంకులో కరెంట్ అకౌంటు, బ్యాకప్పులు నీకు తెలిసినవే. కంపెనీయో, ఎల్‌ఎల్‌పీయో (పార్ట్‌నర్ల బాధ్యతకి హద్దుండే పార్ట్‌నర్‌షిప్) పెట్టు, మామూలు పార్ట్‌నర్‌షిప్ మాత్రం వద్దు. ఎందుకంటావా? ఉద్దానంలో మన కొబ్బరితోట ఏమైందో మీ నాన్న చెప్పి ఉండడు.

పలాసలో ఆయన స్నేహితుడొకడు జీడిపప్పు ఫ్యాక్టరీ పెడుతూ, "నీ పేరు కూడా ఉంటే బ్యాంకు తొందరగా అప్పిస్తుంది" అన్నాడు. అన్నయ్య పార్ట్‌నర్‌షిప్ డీడు చదవలేదు, చివరి పేజీ తిప్పి సంతకం పెట్టేశాడు. రూపాయి లాభం కళ్లచూడలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక స్నేహితుడి దగ్గర ఏమీ మిగల్లేదు, బ్యాంకు మనింటికొచ్చింది. అప్పటికి నేను కొత్తగా నల్లకోటు వేసుకున్నాను, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని వెతికాను. 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం 25వ సెక్షన్లో సందు లేదు. వాటా ఎంతైనా, అప్పు మొత్తానికీ ప్రతి పార్ట్‌నరూ బాధ్యుడే. తోట అమ్మిన రోజు మీ నాన్న, కొన్నవాళ్లు విసుక్కుంటున్నా, దస్తావేజు మొదటి అక్షరం నుంచీ చదివాడు. ఇప్పుడు గ్యాస్ రసీదు వెనక కూడా చదువుతాడు. నువ్వేమో నవ్వుతావు. నవ్వకే గుంటా.

"లోపాలకి మా పూచీ లేదని లైసెన్సులో రాసుకుంటాంలే" అన్నావట. నర్సింగ్ హోం తన అగ్రిమెంటు తను తెస్తుందే. రోగుల వివరాలకి తగిన భద్రత లేకపోతే 2023 డేటా రక్షణ చట్టంలో 250 కోట్ల దాకా జరిమానా ఉంది. అది పడేది ఆసుపత్రి మీద. వాళ్ల వకీలు ఊరుకుంటాడా? ఇండెమ్నిటీ క్లాజు, అంటే వాళ్ల నష్టం నువ్వు భరిస్తానన్న షరతు, పెట్టి నీ వైపు తిప్పుతాడు. అందులో నీ బాధ్యతకి హద్దు రాయించు: ఏడాదికి వాళ్లిచ్చే ఫీజు, అంతే. పర్సనల్ గ్యారంటీ అడిగితే లేచి వచ్చెయ్. యూరప్‌లో 2024 డైరెక్టివ్, అంటే సరుకు లోపాల మీద వాళ్ల ఉమ్మడి చట్టం, సాఫ్ట్‌వేర్‌ని వస్తువుల్లో చేర్చేసింది, నష్టపోయిన మనిషి తయారీదారు మీదికి నేరుగా రావచ్చు. ఇక్కడ ముఖ్యంగా నీ సంతకం దారినే వస్తారు.

నువ్వు రాయని కోడ్ కూడా నీ నెత్తినే. 2017 మార్చిలో అపాచీ స్ట్రట్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి ప్యాచ్ (లోపం సరిచేసే కోడ్) వచ్చినా, దాన్ని వాడే అమెరికా క్రెడిట్ రిపోర్టుల కంపెనీ ఈక్విఫాక్స్ వేసుకోలేదు, మేలో దొంగలు దూరారు. 14 కోట్ల పైచిలుకు మంది వివరాలు పోయాయి. 2019లో 57 కోట్ల డాలర్లకి పైగా కట్టడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఏ ప్యాచ్ ఏ రోజు వేశావో తేదీతో రాసిపెట్టు, కోర్టులో అదే నీ సాక్షి. ఎవరైనా చొరబడ్డారని తెలిస్తే 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పాలి, అర్ధరాత్రైనా సరే. భయపడి దాచకమ్మా. ముందు వాళ్లకి, తర్వాత నాకు ఫోన్ చెయ్.

సిరిమాను ఉత్సవానికి ఎలాగూ విజయనగరం వస్తావు. అగ్రిమెంటు ప్రింటు తీసుకురా, ఫోన్లో నా కళ్లకి ఆనదు. పెద్ద అక్షరాల్లో, ఒకవైపే తియ్యి, పక్కన రాయడానికి జాగా కావాలి. మీ నాన్నకి కూడా ఓ కాపీ తియ్యి, లేకపోతే నా చేతిలోది లాక్కుంటాడు.

అత్త