ముందు గుంతలు తవ్వించు, మొక్కలు తర్వాత

చి.ల.సౌ. పద్మకు పెద్దనాన్న ఆశీస్సులు.

ఉగాదిలోపు తోట సిద్ధం చేస్తానని, గులాబీలు, పచ్చిక తెప్పిస్తున్నానని రాశావు. ఆర్డరు ఇచ్చి ఉంటే రద్దు చెయ్యమ్మా. అనంతపురంలో మార్చిలో నాటిన మొక్క వేరు దిగేలోపే ఏప్రిల్ ఎండ మీద పడుతుంది. మీ ఊరికి ఏడాదంతా కలిపి వచ్చే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, అందులో పెద్ద వాటా సెప్టెంబరుది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యం అక్కడికి చేరేసరికి అలిసిపోతుంది. కాబట్టి మృగశిర వచ్చాక నాటు, వానలు ఆలస్యమైతే సెప్టెంబరు దాకా ఆగు. వేసవికి ముందే ఆ వేర్లు లోతుకు పోవాలి. తక్కినదంతా దాని తర్వాతే.

మరి అందాకా ఏం చెయ్యాలంటే, గుంతలు తవ్వించు. మీది ఎర్ర గరప నేల, నీళ్లు పోస్తే నిలవవు. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో తవ్వించి ఎండకు వదిలెయ్యి. తొలకరికి ముందు పైమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి నింపు. పడమటి గోడ పక్కన లేత మొక్కలేవీ వద్దు. ఆ గోడ రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది.

ఆ గోడకు కాగితపు పూల తీగ చాలు. దానికి నీళ్లు ఎక్కువైతే ఆకులే వస్తాయి, కాస్త ఎండగడితే పువ్వులు విరగపూస్తాయి. దేవగన్నేరు, ఎడారి గులాబీ కూడా ఎండకు వెరవవు, కాకపోతే ఎడారి గులాబీ కుండీలో నీళ్లు నిలిస్తే దుంప కుళ్లిపోతుంది. గన్నేరు నాకు ఇష్టమే, మేకలు కూడా ముట్టవు. అయితే ఆకు నుంచి వేరు దాకా విషం, పచ్చగన్నేరు కాయ ఇంకా ప్రమాదం. మీ చిన్నవాడు దొరికినదల్లా నోట్లో పెట్టుకునే వయసు దాటేదాకా రెండూ వద్దు. కంచెకు గోరింట, వాక వెయ్యి. వాకకు ముళ్లున్నాయి, పచ్చడికి కాయలూ ఉన్నాయి. తంగేడును నర్సరీల్లో వెతకకు. మీ ఊరి చుట్టూ ఉన్న గుట్టల మీద ఎండిన కాయలు దొరుకుతాయి. గింజ పెంకు గట్టిది, వేడినీళ్లలో ఒక రాత్రి నానబెట్టి విత్తు. తెలంగాణ వాళ్లు దాన్ని రాష్ట్ర పుష్పంగా పెట్టుకున్నారు, మనమేమో పిచ్చిమొక్క అని పీకేస్తాం.

పెరట్లో సీతాఫలం, కరివేపాకు, మునగ ఉంటే చాలు. మునగ కొమ్మ పెళుసు, ఇంటికి కాస్త దూరంగా పెట్టు. సీతాఫలం ఎండలు ముదిరేసరికి ఆకు రాలుస్తుంది. అది చూసి చచ్చిపోయిందని కంగారుపడి బిందెలకొద్దీ నీళ్లు పొయ్యకు. గోటితో బెరడు గీకి చూడు, లోపల పచ్చగా ఉంటే అది నిద్రపోతున్నట్టు.

ఇక నీళ్లు. రోజూ సాయంత్రం పైపు పట్టుకుని పైపైన తడిపే అలవాటు అసలు వద్దు. పైన తడి దొరుకుతుంటే వేర్లు కిందికి పోవు, మీరు ఒక్క వారం పెళ్లికి వెళ్లివస్తే మొక్క ఉండదు. కాండానికి దూరంగా వెడల్పుగా పాదు చేసి, నిలదొక్కుకున్న మొక్కకు నాలుగైదు రోజులకోసారి నిండా పెట్టు. మధ్యాహ్నం ఆకు వాలితే పట్టించుకోకు, తెల్లవారాక కూడా వాలి ఉంటేనే దాహం అని అర్థం.

లేత మొక్కల పక్కన కుండలు పాతిపెట్టు. రంగు, మెరుగు లేని మట్టికుండను మెడ దాకా పూడ్చి, నీళ్లు నింపి, దోమలు గుడ్లు పెట్టకుండా మూకుడు బోర్లించు. చుట్టూ మట్టి ఆరిన కొద్దీ కుండ నీళ్లు వదులుతుంది, తడిగా ఉంటే ఊరుకుంటుంది. ఇంట్లో నీళ్లు చల్లబడటం మానేసిన పాతకుండను దీనికి వాడకు. చల్లబడటం లేదంటే దాని రంధ్రాలు మూసుకుపోయాయన్నమాట. బోరు నీళ్ల ఉప్పుకు కొత్తవి కూడా కొంతకాలానికి అలాగే అవుతాయి, అప్పుడు మార్చుకోవాలి. మంచినీళ్ల మిషను వదిలేసే నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువ, మొక్కలకు పొయ్యకు. బియ్యం కడుగు, ఏసీ నీళ్లు నిశ్చింతగా పొయ్యి.

పాదుల్లో వేరుశనగ పొట్టు మూడంగుళాల మందాన పరువు, మీ దగ్గర దానికి కొదవ లేదు. కాండానికి మాత్రం తగలనివ్వకు. చెద పడుతుంది కాబట్టి కింద వేపపిండి చల్లు. మే నెలలో ఎరువులు వెయ్యడం, కొమ్మలు కత్తిరించడం రెండూ మానెయ్యి. కొత్త చిగురు ఆ ఎండకు మాడిపోతుంది.

పచ్చిక సంగతి మాట్లాడను. అది తాగే నీళ్లతో మల్లెపొద పెంచుకోవచ్చు. మల్లెకు డిసెంబరులో నీళ్లు ఆపి, ఆకు దూసి, కత్తిరించి, ఆ తర్వాత ఎరువు వేసి తడి పెడితే వేసవంతా పూస్తుంది. గులాబీ కావాలని అల్లుడుగారు పట్టుబడితే ఒక్కటంటే ఒక్కటి, తూర్పు వైపు, మట్టికుండీలో. నల్ల ప్లాస్టిక్ కుండీ వద్దు, వేర్లు ఉడికిపోతాయి.

గుంతలు తవ్వే మనిషి దొరక్కపోతే ఫోను చెయ్యి, నేను మాట్లాడి పంపిస్తాను.

పెద్దనాన్న