ఉక్రెయిన్ యుద్ధానికీ నా హోమ్ లోనుకూ సంబంధం ఏంటి?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, ఖమ్మంలో ప్రైవేటు ఉద్యోగం. 2022 జనవరిలో బ్యాంకులో 30 లక్షల హోమ్ లోను తీసుకున్నాను. 7 శాతం వడ్డీ, 20 ఏళ్లు, ఈఎంఐ 23,259. ఏడాది తిరగ్గానే వడ్డీ 9.5 అయిందని ఈఎంఐ 25,500 చేశారు, పైగా ఇంకా 26 ఏళ్లు కట్టాలన్నారు. ఎందుకని అడిగితే ఉక్రెయిన్ యుద్ధం అన్నారు! ఇప్పుడు వడ్డీ 8.5, బాకీ 28.8 లక్షలు. ఏం చేయాలి?

జవాబు: మిమ్మల్ని వదిలించుకోవడానికే అని ఉండొచ్చు గానీ, ఆ మాటలో నిజం లేకపోలేదు. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది. మార్చిలో ముడిచమురు బ్యారెల్ 130 డాలర్లు దాటింది. మన సన్‌ఫ్లవర్ నూనె చాలావరకు ఉక్రెయిన్ నుంచే వచ్చేది, అదీ ఆగింది. ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి కూడా కొన్నాళ్లు ఆపేసింది. అప్పటి నూనె ప్యాకెట్ ధర మీ ఇంట్లోవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరింది. రిజర్వ్ బ్యాంకు మే 4న, షెడ్యూల్లో లేకపోయినా సమావేశమై, ధరలను అదుపు చేయడానికి రెపో రేటు (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ) పెంచింది. 4 శాతం ఉన్నది 2023 ఫిబ్రవరికల్లా 6.5 అయింది. కోవిడ్ వల్ల తగ్గించిన రేటు ఎలాగూ పెరిగేదే, యుద్ధం తొందరపెట్టింది.

బ్యాంకుల ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోన్లు 2019 అక్టోబరు నుంచి ఎక్కువగా రెపోకే ముడిపడి ఉన్నాయి. అది కదిలితే మూణ్నెల్లలోపు మీ వడ్డీ కదులుతుంది. అప్పటి మీ బాకీ సుమారు 29.5 లక్షలు అనుకుందాం. 9.5 శాతం లెక్కన నెల వడ్డీయే 23,354. మీ ఈఎంఐ 23,259. అంటే 95 రూపాయలు తక్కువ. అలాగే వదిలేస్తే కడుతున్నా అప్పు పెరుగుతుంది. పెంచిన 25,500లో కూడా అసలుకు జమయ్యేది 2,146 మాత్రమే, అందుకే గడువు అంత సాగింది.

2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో ఒక శాతం తగ్గింది. ఇప్పుడు ఈఎంఐ తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. ఇదే 25,500 కడితే 228 నెలల్లో, అంటే 19 ఏళ్లలో తీరుతుంది. కానీ అప్పటికి మీకు 60 నిండుతాయి. 28,000 కట్టగలిగితే 185 నెలలు చాలు, 56 దాటాక బయటపడతారు. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, కొంత ముందే కట్టాలా అన్న ఎంపిక మీకివ్వాలని 2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. కాబట్టి కౌంటర్లో నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడగండి, కొత్త రీపేమెంట్ షెడ్యూల్ తీసుకోండి. బోనస్ వస్తే కొంత అసలు కట్టేయొచ్చు, ఫ్లోటింగ్ లోనుకు పెనాల్టీ లేదు. ఆ ఉత్తరంలో ‘ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించండి’ అని రాయకపోతే, చాలాచోట్ల ఈఎంఐ తగ్గించేసి ఊరుకుంటారు. కొత్తవాళ్లకు మీకంటే తక్కువ రేటు ఇస్తుంటే, రేటు మార్పిడి ఫీజు ఎంతో అడిగి మారండి.

వీటన్నిటికీ ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐలతో కలిపి, ఎఫ్‌డీలో పెట్టుకోండి. ఎక్కడో ఇంకో యుద్ధం వచ్చి మీ వడ్డీ 10.5కి చేరితే, 28.8 లక్షల మీద నెల వడ్డీయే 25,200. మీ ఇప్పటి ఈఎంఐలో మిగిలేది 300.