ఏ ఊరికి వెళ్ళి తలదాచుకుంటాం? – అణుయుద్ధంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

హిరోషిమా, నాగసాకి నగరాల మీద బాంబులు పడి ఎనభై ఏళ్ళు దాటిన సందర్భంలో ఈ పత్రికలో వచ్చిన వ్యాసానికి చెన్నై నగరం నుంచీ, శివార్ల నుంచీ చాలా ఉత్తరాలు అందాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాము. పేర్లు వెయ్యవద్దని కొందరు కోరినందువల్ల ఎవరి పేర్లూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: 1942లో జపాను వాళ్ళు వస్తున్నారన్న భయంతో మదరాసు నుంచి జనం తరలిపోయినప్పుడు మా అమ్మమ్మ వాళ్ళు కూడా సామాను మూటగట్టుకొని కావలి దగ్గర సొంత ఊరికి వెళ్ళిపోయారట. ఇప్పుడు అణుయుద్ధం వచ్చినా ఉత్తరాది సరిహద్దుల్లోనే కదా వచ్చేది? ఇంత దక్షిణాన ఉన్న మనకు ఏమవుతుంది? మానవజాతి అంతరించిపోతుందన్న మాటలో నిజమెంత? (పెరంబూరు నుంచి ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి)

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ జవాబు పొగ దగ్గర మొదలవుతుంది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద పడిన బాంబు శక్తి దాదాపు 15 కిలోటన్నులు, అంటే 15 వేల టన్నుల టీఎన్‌టీ పేలుడుకు సమానం. ఆ ఏడాది చివరికల్లా ఆ నగరంలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది చనిపోయారు. ఇవాళ పెద్ద దేశాల దగ్గర ఉన్న అణ్వాయుధాల్లో చాలావాటి ముందు ఆ బాంబు చిన్నది. పేలుడు తాకిడికీ రేడియేషన్‌కీ దూరం కొంత రక్షణ ఇస్తుంది కాబట్టి సరిహద్దులో పడిన బాంబు చెన్నైలో గోడలు కూల్చదన్న మీ ఊహ సరైనదే.

పొగ సంగతి అలా కాదు. జనం కిక్కిరిసిన నగరం మీద బాంబు పడితే ఇళ్ళూ, గోదాములూ, పెట్రోలు నిల్వలూ, ప్లాస్టిక్కూ, తారూ అన్నీ ఒకేసారి అంటుకొని, ఆ వేడికి లేచిన నల్లటి మసి మేఘాలను దాటి స్ట్రాటోస్ఫియరులోకి చేరవచ్చు. వాన మేఘాల కింద ఉన్న పొగను నాలుగు జల్లులు కడిగేస్తాయి గాని ఆ ఎత్తున వాన ఉండదు. అక్కడికి చేరిన మసి ఏళ్ళ తరబడి తేలుతూ, భూగోళమంతా పరచుకొని, నేలకు రావలసిన ఎండను అడ్డగిస్తుంది. కార్ల్ సాగన్‌తో సహా అయిదుగురు శాస్త్రవేత్తలు 1983లో ప్రచురించిన అధ్యయనంతో 'అణు శీతకాలం' అన్న మాట ప్రపంచమంతా పాకింది. ఎండ తగ్గితే పంట తగ్గుతుంది. 2022లో 'నేచర్ ఫుడ్' పత్రికలో వచ్చిన లెక్కల ప్రకారం, మసి చాలా ఎక్కువగా లేస్తే భారత్, పాకిస్తాన్‌ల మధ్య యుద్ధం వల్ల 200 కోట్లకు పైగా, అమెరికా, రష్యాల మధ్య యుద్ధం వల్ల 500 కోట్లకు పైగా ప్రాణాలు పోవచ్చు. వాళ్ళలో అత్యధికులు బాంబు చప్పుడైనా వినని దేశాల వాళ్ళు, తిండి దొరకక చనిపోయేవాళ్ళు.

ఈ లెక్కలను అందరు శాస్త్రవేత్తలూ ఒప్పుకోలేదన్నది కూడా చెప్పాలి. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల బృందం 2018లో ఇటువంటి యుద్ధాన్నే కంప్యూటరు మీద లెక్కగట్టి, అంత మసి అంత ఎత్తుకు చేరదని తేల్చింది. 1991లో కువైట్ చమురు బావులు నెలల తరబడి మండినప్పుడు కొందరు శాస్త్రవేత్తలు హెచ్చరించినంత చలి రాలేదు, ఎందుకంటే ఆ పొగ కిందనే ఉండిపోయింది. అసలు వివాదం నగరంలో తగలబడేది ఎంత, అది ఎంత ఎత్తుకు లేస్తుంది అన్న రెండు అంకెల మీదనే నడుస్తున్నది. నా అభిప్రాయం అడిగితే, ఇందులో ఎవరి లెక్క సరైనదో నిజమైన నగరాలను తగలబెట్టి తేల్చుకోవలసిన ప్రశ్న కాదు కాబట్టి, ప్రమాదం పెద్దదేనని అనుకొని నడవడమే వివేకం.

ఇక మనుషులు పూర్తిగా అంతరించిపోతారా? బహుశా పోరు. ఆ 2022 లెక్కల్లోనే ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వంటి చోట్ల తిండి కొంత మిగులుతుంది. కాని ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయేవాళ్ళను చూస్తే నాకు కొంచెం విసుగు. వెయ్యి మందిలో ఆరేడు వందల మంది పోయి మిగిలినవాళ్ళు బతికితే దాన్ని ఊరటగా చెప్పుకోవలసిన అవసరం ఏముంది?

మీ అమ్మమ్మగారి మాటకు వస్తాను. అంతకుముందు 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మదరాసు రేవు మీద గుండ్లు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులను తగలబెట్టినప్పుడు కూడా జనం ఇలాగే ఊళ్ళు పట్టారు. రెండుసార్లూ ఊళ్ళో వడ్లు ఉన్నాయి, చెరువులో నీళ్ళున్నాయి, రైలు నడిచింది, భయం తగ్గాక అందరూ తిరిగివచ్చారు. పట్నం కాలితే పల్లె కాపాడుతుందన్నది మన పెద్దల అనుభవం. వాతావరణ లెక్కల్లో నన్ను అన్నిటికంటె భయపెట్టేది, మసి వల్ల నైరుతి రుతుపవనం బలహీనపడుతుందన్న అంచనా. అప్పుడు కృష్ణా, గోదావరి డెల్టాలకూ, కావేరి కింద సాంబా పంటకూ నీళ్ళుండవు. మన కొట్లలో అమ్మే నెల్లూరు బియ్యం ఏ పెన్న నీళ్ళతో పండుతుందో ఆ పెన్నకూ అదే గతి. పొటాష్ ఎరువు దాదాపు మొత్తం, ముడిచమురులో ఎనభై శాతానికి పైగా మనం బయటినుంచి తెచ్చుకుంటున్నాము. ఓడలు ఆగిపోతే ట్రాక్టరూ, మోటారూ ఆగుతాయి. కావలి దగ్గర ఆ ఊరు అక్కడే ఉంటుంది గాని, పట్నం నుంచి వచ్చినవాళ్ళకు పెట్టడానికి దాని దగ్గర ఏమీ ఉండదు.

ప్రశ్న: ఎనభై ఏళ్ళుగా ఎవరూ ఈ బాంబు వాడలేదు. ఎదుటివాడు తిరిగి కొడతాడన్న భయమే శాంతిని కాపాడుతున్నదని మా ప్రొఫెసరు గారు అంటారు. ఆయన చెప్పింది నిజం కాదా? (గిండీ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని)

జవాబు: మీ ప్రొఫెసరు గారి మాటలో సగం నిజం ఉంది. తెలిసి, ఆలోచించి, యుద్ధం మొదలుపెట్టాలనుకునే నాయకుణ్ణి ఆ భయం ఆపుతుంది. పొరపాటును అది ఆపలేదు.

1983 సెప్టెంబరు 26 అర్ధరాత్రి దాటాక మాస్కో దగ్గర సెర్పుఖోవ్-15 అనే నియంత్రణ కేంద్రంలో స్తనిస్లావ్ పెత్రోవ్ అనే అధికారి డ్యూటీలో ఉన్నాడు. అమెరికా నుంచి ఒక క్షిపణి బయలుదేరిందని ఉపగ్రహ వ్యవస్థ సైరన్ మోగించింది, కాసేపట్లో మరి నాలుగు వచ్చాయని చూపింది. అంతకు మూడు వారాల ముందే సోవియట్ విమానాలు కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చినందువల్ల రెండు దేశాల మధ్య నిప్పు రాజుకుంటున్న రోజులవి. పై అధికారులకు 'దాడి' అని చెప్పడం పెత్రోవ్ విధి. కాని నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాడు అయిదే అయిదు క్షిపణులు వెయ్యడనీ, ఈ వ్యవస్థ కొత్తది కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మలేమనీ ఆలోచించి, ఇది తప్పుడు హెచ్చరిక అని ఫోనులో చెప్పాడు. నేల మీది రాడార్లలో కూడా ఏమీ కనబడలేదు. మేఘాల మీద పడి మెరిసిన సూర్యకాంతిని ఉపగ్రహాలు క్షిపణి మంటగా లెక్కవేశాయని తరవాత తేలింది. ఆ కుర్చీలో ఆ రాత్రి నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించే మనిషి ఉంటే ఏమయ్యేదో మీ ప్రొఫెసరు గారిని అడగండి.

ఇది ఒక్కటే అయితే అదృష్టమని వదిలెయ్యవచ్చు. 1962 అక్టోబరు 27న క్యూబా దగ్గర అమెరికా నౌకలు చుట్టుముట్టిన సోవియట్ జలాంతర్గామి బి-59లో అణు టార్పెడో ఉంది. దాన్ని ప్రయోగించే ఆలోచనకు వసీలీ అర్ఖిపోవ్ అనే అధికారి అడ్డుచెప్పాడు. 1979 నవంబరు 9న అమెరికాలో శిక్షణ కోసం తయారుచేసిన దాడి దృశ్యం పొరపాటున అసలు కంప్యూటర్లలోకి ఎక్కి, సోవియట్ క్షిపణులు గుంపులుగా వస్తున్నట్టు చూపింది. 1995 జనవరి 25న నార్వే నుంచి ఎగిరిన పరిశోధన రాకెట్టును చూసి రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ దగ్గర అణుదాడికి ఆదేశమిచ్చే బ్రీఫ్‌కేసు తెరిచారు.

మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. 2022 మార్చి 9న మన వాయుసేన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లోని మియాఁ చన్నూ దగ్గర పడింది. అందులో పేలుడు పదార్థం లేదు, ఎవరికీ ప్రాణహాని జరగలేదు, పాకిస్తాన్ తిరిగి కొట్టలేదు. రెండు రోజుల తరవాత మన రక్షణ శాఖ విచారం వ్యక్తంచేసింది, ఆ ఆగస్టులో ముగ్గురు అధికారులను ఉద్యోగం నుంచి తొలగించారు. అమెరికా, రష్యాల మధ్య ఖండాంతర క్షిపణి దాదాపు అరగంట ప్రయాణిస్తుంది. మనకూ పాకిస్తాన్‌కూ మధ్య ఆ వ్యవధి కొన్ని నిమిషాలే. పెత్రోవ్‌కు దొరికినంత ఆలోచించే తీరిక ఇక్కడ ఎవరికీ దొరకకపోవచ్చు. కాబట్టి ఆయుధాల సంఖ్యతో పాటు, నిర్ణయానికి దొరికే సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది నా వాదన.

ప్రశ్న: యుద్ధం వస్తే కల్పాక్కం అణుబాంబులా పేలిపోతుందా? 2025 మే నెలలో అక్కడ పౌర రక్షణ విన్యాసం జరిగినప్పటి నుంచి మా అపార్టుమెంటులో ఇదే చర్చ. (తాంబరం నుంచి ఒక గృహిణి)

జవాబు: బాంబులా పేలదు. కల్పాక్కంలోని మద్రాసు అణు విద్యుత్ కేంద్రంలో వాడేది సహజ యురేనియం, దానిలో యురేనియం-235 పాలు 0.7 శాతమే. బాంబుకు దాన్ని సుమారు 90 శాతానికి శుద్ధి చెయ్యాలి. 2004 డిసెంబరు 26 సునామీలో సముద్రపు నీరు పంపుహౌసులోకి వచ్చినప్పుడు కూడా రియాక్టరును భద్రంగా ఆపగలిగారు. అయితే శీతలీకరణకూ, వాడిన ఇంధనం నిల్వకూ దాడిలో దెబ్బ తగిలితే రేడియోధార్మిక పదార్థాలు బయటపడే ప్రమాదం లేకపోలేదు. 2022 నుంచి యుక్రెయిన్‌లోని జపోరీషియా కేంద్రం విషయంలో ప్రపంచం పడుతున్న భయం అదే. అందుకే భారత్, పాకిస్తాన్‌లు పరస్పరం అణు కేంద్రాల మీద దాడి చెయ్యబోమని 1988 డిసెంబరు 31న ఒప్పందం చేసుకొని, 1992 నుంచి ఏటా జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ తరవాతా, 2025 తరవాతా ఆ పని ఆగలేదు. టీవీ చర్చల్లో దీన్ని ఎవరూ ఎత్తరు, అరవడానికి పనికిరాదు కాబట్టి కాబోలు.

ప్రశ్న: మహాభారతంలోని బ్రహ్మాస్త్రం అణుబాంబేనని మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పంపుతున్నారు. నిజమేనా? (టి. నగర్)

జవాబు: కాదు. అది కావ్యం, దాన్ని కావ్యంగానే చదవండి. చదివేటప్పుడు మాత్రం సౌప్తిక పర్వంలో ఒక ఘట్టాన్ని తీరిగ్గా చూడండి. వ్యాసుడూ నారదుడూ మధ్యన నిలబడినప్పుడు అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించుకోగలిగాడు, అశ్వత్థామకు అది చేతకాక ఉత్తర గర్భం మీదికి మళ్ళించాడు. నేటి ఖండాంతర క్షిపణి అశ్వత్థామ అస్త్రం వంటిదే, బయలుదేరాక వెనక్కి పిలిచే ఏర్పాటు దానికి లేదు.

ప్రశ్న: అయోడిన్ మాత్రలు కొని ఇంట్లో పెట్టుకోవాలా? (అంబత్తూరు నుంచి ఒక మందుల దుకాణం యజమాని)

జవాబు: అక్కర లేదు, మీరు అమ్మకం పెంచుకోవడానికి కూడా ఇది సరైన మార్గం కాదు. పొటాషియం అయొడైడ్ మాత్ర రేడియోధార్మిక అయోడిన్ నుంచి థైరాయిడ్ గ్రంథిని మాత్రమే కాపాడుతుంది, అదీ సరైన వేళకు వేసుకుంటేనే. రియాక్టరు ప్రమాదంలో అధికారులు చెబితే అది ఉపయోగపడుతుంది. బాంబు వేడి నుంచీ, తాకిడి నుంచీ, మిగిలిన రేడియోధార్మిక ధూళి నుంచీ అది కాపాడదు.

ఆ ధూళి ఎంత దూరం వస్తుందో 1954 మార్చి 1న పసిఫిక్‌లోని బికినీ దీవిలో అమెరికా జరిపిన పరీక్ష చూపింది. అనుకున్నదానికి రెండింతలకు పైగా, 15 మెగాటన్నుల శక్తితో ఆ బాంబు పేలింది. వంద కిలోమీటర్లకు పైగా దూరంలో చేపలు పడుతున్న జపాను పడవ మీద కొన్ని గంటల తరవాత తెల్లటి బూడిద రాలింది. పొడిపొడి అయిన పగడపు దిబ్బ అది. అదేమిటో తెలియక ఆ 23 మందీ దాన్ని చేతులతో ఊడ్చారు, జుట్టులోకీ మెడ మీదికీ పోయింది. అందరికీ జబ్బు చేసింది, రేడియో ఆపరేటరు సెప్టెంబరులో చనిపోయాడు. ధూళి పడే వేళ చెయ్యవలసింది ఒకటే, కాంక్రీటు భవనం లోపలి గదిలోకి వెళ్ళి తలుపులు మూసుకొని ఉండడం, బయటినుంచి వచ్చినవాళ్ళు బట్టలు విడిచి ఒళ్ళు కడుక్కోవడం. ధూళి తీవ్రత ఏడు గంటలకు పదోవంతుకూ, నలభై తొమ్మిది గంటలకు నూరోవంతుకూ తగ్గుతుంది కాబట్టి మొదటి రెండు రోజులే కీలకం.

ప్రశ్న: సామాన్యులం మనం చెయ్యగలిగింది ఏమైనా ఉందా? (విల్లివాక్కం నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: ఉంది, చరిత్రలో జరిగింది కూడా. ఆ జపాను పడవ సంగతి లోకానికి తెలిశాక 1954 ఏప్రిల్‌లో నెహ్రూ పార్లమెంటులో అణు పరీక్షలు ఆపాలని పిలుపునిచ్చారు, జపానులో కోట్లమంది సంతకాలు చేశారు, 1963లో గాలిలోనూ నీళ్ళలోనూ అంతరిక్షంలోనూ పరీక్షలను నిషేధించే ఒప్పందం కుదిరింది. 1986లో ప్రపంచంలో దాదాపు 70,000 అణ్వాయుధాలు ఉండేవి, ఇప్పుడు సుమారు 12,000. దక్షిణాఫ్రికా తాను చేసిన బాంబులను తానే విప్పేసింది. అలాగని నిశ్చింతగా ఉండే రోజులు కావివి, అమెరికా, రష్యాల ఆయుధాలకు పరిమితి పెట్టిన చివరి ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5తో ముగిసింది.

మన దేశం అణ్వాయుధాన్ని ముందుగా వాడబోనని 2003 జనవరి 4న ప్రకటించిన విధానం ఇంకా అమల్లో ఉంది, దాన్ని సడలించాలన్న మాట ఎప్పుడు వచ్చినా మీ పార్లమెంటు సభ్యుణ్ణి నిలదీయండి. ఇంకొకటి కూడా అడగవచ్చు. క్షిపణి పరీక్షకు ముందు ఒకరికొకరు కబురు చేసుకోవాలని భారత్, పాకిస్తాన్‌లు 2005లో చేసుకున్న ఒప్పందం రాకెట్టులా పైకి లేచి వంపు తిరిగి పడే బాలిస్టిక్ క్షిపణులకే వర్తిస్తుంది, విమానంలా ఎగిరే క్రూయిజ్ క్షిపణులు అందులో లేవు. 2022లో పొరపాటున ఎగిరినది క్రూయిజ్ క్షిపణే. వాటిని కూడా ఆ ఒప్పందంలో చేర్చడానికీ, పొరపాటు జరిగిన మరు నిమిషంలో అవతలివాళ్ళకు ఫోను చేసే పద్ధతిని రాతపూర్వకంగా పెట్టుకోవడానికీ ఎవరూ సరిహద్దులో అంగుళం నేల వదులుకోనక్కరలేదు. మీ పాఠశాలలో పై తరగతుల పిల్లల చేత ఈ విషయం మీదనే ఉత్తరం రాయించండి. చిరునామా పార్లమెంటు వెబ్‌సైటులో దొరుకుతుంది.