ప్లాన్ మార్చకముందే వైరు మార్చు

అల్లుడూ,

నేనిచ్చిన ప్లేస్టేషన్ 3 (పీఎస్3)లో ఆన్‌లైన్ ఆట ఆగి ఆగి నడుస్తోందని, పెద్ద నెట్ ప్లాన్ వేయించమని పట్టుబడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ డబ్బు అప్పుడే ఖర్చు పెట్టించకు.

2006లో వచ్చిన కన్సోల్ అది. చాలా ఆటల సర్వర్లు మూసేశారు. డిస్కుల్లో ఉన్న కార్ల రేసు ఆట గ్రాన్ టురిస్మో 6కి 2018 మార్చిలోనే ఆన్‌లైన్ ఆపేశారు కాబట్టి దానితో కుస్తీ పట్టకు. అకౌంటుకి ఫోన్‌లో కోడ్ వచ్చే భద్రత పెట్టుకుని ఉంటే మామూలు పాస్‌వర్డ్‌తో పీఎస్3లోకి వెళ్లలేవు. ఫోన్‌లో మీ ప్లేస్టేషన్ అకౌంట్ సెక్యూరిటీ పేజీ తెరిచి ‘డివైస్ సెటప్ పాస్‌వర్డ్’ తీసుకో, అది కొట్టు. ఆన్‌లైన్‌లో ఆడటానికి పీఎస్3కి చందా కట్టే పని లేదు.

ఇక ల్యాగ్, అంటే ఆట ఆలస్యంగా స్పందించడం. ఆటకి కావలసిన డేటా చాలా తక్కువ. నువ్వు బటన్ నొక్కిన సంగతి అవతలికి చేరి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయమే ముఖ్యం. ఆ సమయం ఒకసారి 40 మిల్లీసెకన్లు, మరోసారి 300 అయితే ఎంత పెద్ద ప్లాన్ ఉన్నా ఆట తడబడుతుంది. పీఎస్3 వైఫై పాతది, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు మాత్రమే పట్టుకుంటుంది. మీ అపార్ట్‌మెంట్‌లో ఇంటింటి రౌటరూ, వంటింట్లో మైక్రోవేవూ అందులోనే తోసుకుంటాయి. అందుకే రౌటర్ నుంచి హాల్లోకి లాన్ కేబుల్ లాగించు. తలుపు పక్కగా, గోడ వెంట క్లిప్పులు కొట్టిస్తే ఎవరి కాలికీ అడ్డం రాదు. సగం బాధ అక్కడే పోతుంది.

మిగతా సగం నాకు తెలియడానికి నెల పట్టింది. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆట మొదలుపెట్టగానే ల్యాగ్. ప్లాన్ కూడా పెంచాను, తేడా లేదు. చివరికి చూస్తే, ఇంట్లో ఫోన్లన్నీ ఆ వేళకే ఛార్జింగ్‌లో ఉండి పగలు తీసిన ఫొటోలూ వీడియోలూ అప్‌లోడ్ చేస్తున్నాయి. నా బటన్ కబురు ఆ క్యూలో వెనక నిలబడేది. బ్యాకప్‌ని అర్ధరాత్రికి మార్చాక ఆట కుదుటపడింది. నువ్వూ ముందు అదే చూడు.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌కి వెళ్లి ఇంటర్నెట్ కనెక్షన్ టెస్ట్ పెట్టు. ‘నాట్ టైప్’ అంటే బయటివాళ్లు నీ కన్సోల్‌ని ఎంత సులువుగా చేరగలరో చెప్పే అంకె. అది 2 వస్తే మంచిదే. 3 వస్తే ఆటలో స్నేహితుల గదిలోకి చేరడం, మాట వినపడటం కష్టమవుతుంది. అలా అయితే రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆన్ చెయ్యి, ఆటకి కావలసిన దారి రౌటరే తెరుస్తుంది. ఫైబర్ బాక్స్‌కి తోడు ఇంకో రౌటర్ పెట్టి ఉంటే ఒకటే రౌటర్‌గా పనిచేసేలా మార్పించు. అప్పటికీ 3 పోకపోతే, నెట్ ఇచ్చేవాళ్లు ఒకే ఐపీని (నెట్‌లో ఇంటి చిరునామా లాంటి నంబరు) చాలా ఇళ్లకు పంచుతున్నారేమో అడుగు. విడిగా ఐపీ ఇస్తారేమో కనుక్కో.

దూరాన్ని మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. ఫైబర్‌లో వెలుతురుకి వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 5 మిల్లీసెకన్లు పడుతుంది, తిరిగి రావడానికి మరో 5. అమెరికాలో వాళ్లు హోస్ట్ చేసే గదిలో చేరితే గెలవలేదని బాధపడకు, దగ్గరివాళ్ల గది వెతుక్కో.

బొమ్మ ఆలస్యం కాకుండా టీవీలో గేమ్ మోడ్ పెట్టడం మరిచిపోకు. ఆదివారం వైరు లాగించి టెస్ట్ పెట్టాక, నాట్ టైప్ ఎంత వచ్చిందో ఫోన్ చెయ్యి.

మీ మామయ్య