షాఫ్టులు నైట్రైడింగ్‌కు పంపే ముందు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

రొయ్యల చెరువుల పంపులకు 316 రకం స్టెయిన్‌లెస్ షాఫ్టులు నైట్రైడింగ్ (వేడిలో ఉక్కు పైభాగంలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచడం) చేయిస్తానని ఫోన్‌లో అన్నావు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. పంపే ముందు ఇది చదువు.

స్టెయిన్‌లెస్‌ను తుప్పు నుంచి కాపాడేది అందులోని క్రోమియం. కనీసం పదిన్నర శాతం ఉంటే గాలి తగలగానే పైన పలచని ఆక్సైడ్ పొర కడుతుంది. గీత పడినా మళ్లీ కట్టుకుంటుంది. మామూలు స్టీలుకు చేసినట్టు 500, 550 డిగ్రీల్లో నైట్రైడింగ్ చేస్తే, లోపలికి దిగిన నైట్రోజన్ ఆ క్రోమియాన్నే పట్టుకుని నైట్రైడ్ రేణువులుగా మార్చేస్తుంది. ఇక పొర కట్టడానికి చాలినంత క్రోమియం మిగలదు. షాఫ్టు రాయిలా గట్టిపడుతుంది గానీ ఉప్పునీటికి తట్టుకోదు.

కళింగపట్నం వైపు ఒక రైతుకు నేను స్లీవులు (షాఫ్టు మీద తొడిగే గొట్టాలు) ఇలాగే చేయించి ఇచ్చాను. హార్డ్‌నెస్ రీడింగ్ చూసి మురిసిపోయాను. వానాకాలం దాటకముందే సీలు దగ్గర ఎర్రటి చారలు, గుంటలు. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే ప్లాస్మా నైట్రైడింగే (విద్యుత్తుతో వాయువును ప్లాస్మాగా మార్చి చేసేది) అడుగు. వేడి 400 నుంచి 430 డిగ్రీల మధ్యే ఉండాలని, దాటకూడదని ఆర్డరులో రాయించు. ఆ వేడిలో క్రోమియం కదల్లేదు, నైట్రోజన్ ఉక్కులోనే కరిగి ఉండిపోతుంది. దాన్ని ఎస్ ఫేజ్ అంటారు. 200 విక్కర్స్ (గట్టిదనం కొలత) ఉండే 316 పైభాగం వెయ్యి దాటుతుంది, ఉప్పునీటి గుంటలనూ ముందుకంటే బాగా ఆపుతుంది. ఎక్కువ గంటలు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. బేరమాడి వేడి పెంచనివ్వకు.

పొర 10, 20 మైక్రాన్లే. కాబట్టి గ్రైండింగ్ అంతా ముందే ముగించు, తర్వాత చేస్తే పొరే లేచిపోతుంది. రాపిడి లేని చోట మాస్కింగ్ (నైట్రోజన్ తగలకుండా కప్పడం) చేయించు.

అదే రాడ్డు ముక్కలు రెండు అదే బ్యాచిలో వేయించు. ఒకటి కోసి, ఎచింగ్ చేసి (ఆసిడ్‌తో కోసిన ముఖాన్ని కాస్త తినిపించి) మైక్రోస్కోపులో చూడాలి. పొర తెల్లగా ఉంటే సరే, నల్లబడితే ఆ లాటు తీసుకోకు. ఇంకో ముక్కను, నైట్రైడింగ్ చేయని ముక్కతో పాటు, ఉప్పుటేరు నీళ్లలో నెల రోజులు వేలాడదీయి.

ముందు రెండు షాఫ్టులే పంపు. ఫర్నేసు టెంపరేచర్ చార్టు రాగానే నాకు వాట్సాప్ చెయ్యి. అక్కని అడిగానని చెప్పు.

మీ మావయ్య