స్పెసిఫికేషన్లు ఒకటే అయినా రెండు యాంప్లిఫయర్లు వేరుగా ఎందుకు వినిపిస్తాయి?

చాలాసార్లు కారణం యాంప్లిఫయర్ కాదు, రెండింటి వాల్యూమ్ సమానంగా లేకపోవడమే. అర డెసిబెల్ తేడాను చెవి ‘సౌండ్ పెరిగింది’ అని గుర్తుపట్టదు. గొంతు స్పష్టంగా ఉందనీ, బేస్ నిండుగా ఉందనీ అనుకుంటుంది. ఖరీదు, బ్రాండ్ ముందే తెలిస్తే ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది.

అందుకే పోల్చేటప్పుడు నాబ్‌ను అంచనాగా తిప్పకండి. ఒకే టెస్ట్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజ్ చూసి 0.1 డెసిబెల్ లోపు కలపండి. ఒకటి 2.00 వోల్టులు చూపిస్తే రెండోది 1.98, 2.02 మధ్య ఉండాలి. తర్వాత ఏది మోగుతోందో తెలియకుండా వినండి. అప్పుడూ ప్రతిసారీ గుర్తుపట్టగలిగితే ఆ తేడా నిజమైనదే.

అలాగని స్పెక్ షీట్‌లో డిస్టార్షన్ (యాంప్లిఫయర్ సిగ్నల్‌ను మార్చేసే మోతాదు) 0.001 శాతం అని ఉంటే కొలతలన్నీ అయిపోయినట్టు కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ అంకె సాధారణంగా 1 కిలోహెర్ట్జ్ టోన్‌తో, స్పీకర్ బదులు మామూలు రెసిస్టర్‌ను లోడ్‌గా పెట్టి తీసింది. కానీ నిజమైన స్పీకర్ లేదా హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్ (కరెంటుకు అది చూపే అడ్డు) ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది. యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువైతే బేస్ ఉబ్బొచ్చు. అలాంటప్పుడు ‘బేస్ వదులుగా ఉంది’ అన్న మాటను కొట్టిపారేయకూడదు, ఏం కొలవాలో చెప్పేది అదే.